హాల్టర్న్ దారిలో కారప్పూస డబ్బా

పోయిన నెల ఒక శనివారం ఇంగోల్‌స్టాట్ నుంచి కొలోన్ మీదుగా హాల్టర్న్ అనే చిన్న ఊరికి వెళ్ళి వచ్చాను. ఆ ఊళ్ళో పెద్ద చెరువుంది, పడవలున్నాయి, వేసవిలో జనం ఈతకు వస్తారు. మేం మాత్రం వెళ్ళింది అక్కడి శ్మశానానికి. పదేళ్ళ పైమాట, స్పెయిన్ నుంచి జర్మనీకి వస్తున్న విమానమొకటి ఆల్ప్స్ కొండల్లో కూలిపోయింది. అందులో ఈ ఊరి బడి పిల్లలున్నారు, వాళ్ళ టీచర్లున్నారు. కో-పైలట్ కాక్‌పిట్ తలుపు లోపలి నుంచి బిగించుకుని కావాలనే విమానాన్ని దించేశాడని, తన మనసు బాగోలేని సంగతి కంపెనీకి చెప్పలేదని విచారణలో తేలింది. మా తమ్ముడు శ్రీకర్ కూడా కో-పైలటే. కొలోన్‌లో ఉంటూ ఒక చిన్న విమాన సంస్థలో పనిచేస్తున్నాడు. "అక్కా, ఒకపారి ఆ ఊరికి పోవాల్నని ఉంది. ఒక్కన్నే పోబుద్ధయితలేదు" అని వాడు ఫోన్ చేయబట్టి ఈ ప్రయాణం మొదలైంది.

ఫోన్ పెట్టేసేముందు ఇంకో మాట కూడా అన్నాడు. రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదట. నిద్రమాత్రలుంటే తెమ్మన్నాడు. జర్మనీలో కాపురముంటున్న తెలుగువాళ్ళెవరినైనా అడగండి, ఇంట్లో ఒక మందుల డబ్బా ఉంటుంది. ఇక్కడి డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, మూడు వారాల తర్వాత ఇస్తాడు, తీరా వెళితే వేడి టీ తాగి పడుకోమంటాడు. అందుకని హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు జ్వరానికి, దగ్గుకి, కడుపునొప్పికి ఏడాదికి సరిపడా మోసుకొస్తాం. మా డబ్బాలో మా అత్తమ్మ వచ్చినప్పుడు మిగిలిపోయిన నిద్రమాత్రలు రెండు స్ట్రిప్పులున్నాయి. ఏమీ ఆలోచించలేదు. కాగితంలో చుట్టి కారప్పూస డబ్బా అడుగున పెట్టాను. జగిత్యాల నుంచి మా అమ్మ నాకు బంగారం కూడా అలాగే పంపింది.

ఉదయం ఆరు దాటాక రైలెక్కి న్యూరెంబర్గ్‌లో మారాను. నాలుగున్నర గంటల ప్రయాణం. ముందుగా కొంటే రానూపోనూ ఎనభై యూరోల లోపు వస్తుంది, కానీ ఆ చౌక టికెట్‌తో అందులో రాసిన రైలే ఎక్కాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ హాయిగానే ఉన్నాను. ఫ్రాంక్‌ఫర్ట్ దాటాక ఎందుకో ఆ పాత ప్రమాదం గురించి ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. జబ్బు దాచాడు అన్న దగ్గర ఆగిపోయాను. ఒళ్ళో కారప్పూస డబ్బా ఉంది. నేను చేస్తున్నదేమిటి మరి? దాచడానికి సామాను మోసుకెళ్తున్నాను! అలా అని ఇవ్వకపోతే వాడు నిద్రలేకుండానే విమానం నడుపుతాడు. ఇస్తే ఎవరికీ చెప్పకుండా మింగి నడుపుతాడు. కొలోన్ వచ్చేదాకా ముందు నుయ్యి వెనక గొయ్యిగా కూర్చున్నాను.

స్టేషన్లో వాడిని చూసి గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. గడ్డం నున్నగా చేసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ మడత చెదరలేదు, కళ్ళ కింద మాత్రం మసి పూసినట్టుంది. హాల్టర్న్‌కి ఎస్సెన్‌లో రైలు మారాలి, గంటన్నర పైన పడుతుంది. అవి ప్రాంతీయ రైళ్ళు కాబట్టి నెలవారీ జర్మనీ టికెట్ ఉన్నవాళ్ళకి వేరే ఖర్చు లేదు. రైల్లో పులిహోర తింటూ, మాత్రల ఊసెత్తకుండా, కాక్‌పిట్ తలుపు గురించి అడిగాను.

"బయటోళ్ళు లోపటికి రావద్దని గట్టి తలుపు పెట్టిన్రక్కా. బయట నంబర్లు కొట్టే మీట ఉంటది. కానీ లోపలున్నోడు వద్దంటే అది తెరుచుకోదు" అన్నాడు.

"మరి లోపలున్నోడే చెడ్డోడైతే?"

"అందుకే ఆ ప్రమాదమైనంక, ఎప్పుడూ ఇద్దరుండాలె అని రూల్ పెట్టిన్రు. ఒక పైలట్ బాత్రూంకి పోతే క్యాబిన్లకెల్లి ఒకరొచ్చి నిలబడాలె. కొన్నేండ్లకు ఇక్కడి కంపెనీలు అది కూడా తీసేసినయ్."

"ఎందుకట?"

"మనుషులు వచ్చుడు పోవుడు ఎక్కువైతే తలుపు ఎక్కువసేపు తెరిచుంటది. అది ఇంకో ప్రమాదమట." కాసేపు పులిహోరలో పల్లీలు ఏరుకున్నాడు. "అయినా పక్కన ఇంకొకరు నిలబడితే మాత్రం నా తలకాయల ఏముందో వాళ్ళకేం తెలుస్తది?"

నాకు తల తిరిగిపోయింది. తలుపు మూస్తే ఒక ప్రమాదం, తెరిస్తే ఒక ప్రమాదం. నేను కార్ల కంపెనీలో బ్రేకుల సాఫ్ట్‌వేర్ పరీక్షించే మనిషిని. ఎక్కడ తప్పుందో దొరికేదాకా వదలను. ఇక్కడ ఎక్కడ వెతకాలో తెలియలేదు.

"నీకు ఏమైంది రా అసలు?" అని సూటిగా అడిగేశాను.

"ఏం కాలే. కారణముంటే చెప్పేటోన్ని. నిద్ర పడ్తలేదు, పొద్దున్నే ఏడుపొస్తది, యూనిఫాం వేసుకుంటే పోతది. గంతే. మెడికల్ ఫారంల నిద్ర గురించి అడుగుతరు, బాగున్న అని టిక్ పెట్టిన. చెప్తే లైసెన్స్ పక్కకు పెడ్తరు. మళ్ళ ఎప్పుడిస్తరో, ఇస్తరో లేదో. ఎగరకపోతే నేనెవర్ని అక్కా?"

సోమవారం పొద్దున వాడికి డ్యూటీ ఉంది. సెలవుల రోజులు, విమానం నిండా పిల్లలుంటారు. వచ్చే నెల మేం కూడా ఆ కంపెనీ విమానంలోనే మయోర్కా ద్వీపానికి వెళ్ళాలనుకున్నాం. మా ఆరేళ్ళ అన్వి "మామనే నడుపుతాడా?" అని జర్మన్‌లో రోజుకి పదిసార్లు అడుగుతోంది. నడిపితే ఎక్కిస్తానా? ఎక్కించను అని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నా పిల్లని ఎక్కించని విమానంలోకి వేరేవాళ్ళ పిల్లల్ని ఎలా పంపిస్తున్నానో మాత్రం తెలియలేదు. నాకు సిగ్గేసింది, భయమేసింది. అయినా వాడి చెయ్యి పట్టుకున్నాను, అంతే.

హాల్టర్న్ స్టేషన్ బయట టాక్సీ దొరికింది, శ్మశానానికి పది పన్నెండు యూరోలవుతుంది. డ్రైవర్ అద్దంలోంచి మమ్మల్ని చూసి "పత్రికలవాళ్ళా?" అని అడిగాడు. కాదన్నాను. "అయితే సరే. ఫొటోలు మాత్రం తియ్యకండి. అక్కడికి తల్లిదండ్రులు వస్తుంటారు" అన్నాడు. మేం తియ్యలేదు. అందుకే ఈ టపాలో ఫొటోలు లేవు.

పిల్లల కోసం కట్టిన చోటు గురించి కూడా ఎక్కువ రాయను. చెట్లున్నాయి, పేర్లున్నాయి. శ్రీకర్ పేర్లన్నీ ఒక్కొక్కటే చదివాడు, బయటికి వినబడకుండా, పెదవులు కదిలిస్తూ. కొంచెం దూరంలో ఒక ముసలావిడ పచ్చటి నీళ్ళ క్యాన్‌తో వేరే సమాధి మీద పూలమొక్కలకి నీళ్ళు పోస్తోంది. వాడు ఎంతకీ కదలకపోయేసరికి దగ్గరికి వచ్చింది.

"మీ వాళ్ళెవరైనా ఉన్నారా ఇక్కడ?"

"లేరు. నేను పైలట్‌ని" అన్నాడు వాడు.

ఆవిడ చేతిలోని క్యాన్ కింద పెట్టింది. తిడుతుందేమోనని నేను వాడికి అడ్డంగా ఒక అడుగు వేశాను కూడా. ఆవిడ వాడి ముఖంలోకి చూసి "మీకు బాగానే ఉందా?" అని అడిగింది.

"ఆ, అంతా బాగుంది" అన్నాడు వాడు చిరునవ్వుతో. ఎంత ఠక్కున అన్నాడంటే, ఫారంలో టిక్ పెట్టడం నా కళ్ళతో చూసినట్టయింది. ఆవిడ తల ఊపి క్యాన్ అందుకుని నాలుగడుగులు వెళ్ళింది. అప్పుడు వెనకనుంచి వాడి గొంతు వినబడింది. "లేదండీ. బాగాలేదు."

ఆవిడ వెనక్కి తిరిగింది. ఓదార్చలేదు, దగ్గరికి కూడా రాలేదు. "అయితే ఎగరకండి" అని, తన మొక్కల దగ్గరికి వెళ్ళిపోయింది.

వాడు బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు. జగిత్యాలలో సైకిల్ మీంచి పడి మోచెయ్యి విరిగినప్పుడు కూడా అంత ఏడవలేదు. నేను పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, కారప్పూస డబ్బా తెరిచి వాడి చేతిలో పెట్టాను. ఏడుస్తూనే తిన్నాడు. అడుగుకి వచ్చేసరికి కాగితం పొట్లం తగిలింది. విప్పి చూసి, మళ్ళీ చుట్టి, నా సంచిలో వేశాడు. "వీటిని నువ్వే తీస్కపో. వేసుకుంటే సోమవారం పోబుద్ధయితది" అన్నాడు.

నేను ఎక్కాల్సిన రైలు కొలోన్ నుంచి బయలుదేరే వేళకి మేమింకా ఆ బెంచీ మీదే ఉన్నాం. వాడు ముందు డ్యూటీ ఆఫీసుకి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదు, సోమవారం రాను అని చెప్పాడు. ఒక్క నిమిషం పట్టింది. తర్వాత ఇంకో నంబరు తీశాడు. ఇబ్బందిలో ఉన్న పైలట్లతో తోటి పైలట్లే మాట్లాడే ఏర్పాటు ఒకటుందట. నంబరు ఫోన్లో ఏడాదిగా ఉంది, నమ్మకం లేక నొక్కలేదు. ఆ ఫోన్ మాత్రం నలభై నిమిషాలు నడిచింది.

ఇది రాస్తున్నప్పటికి వాడు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాడు. లైసెన్స్ పక్కన పెట్టారు. తిరిగి వస్తుందో లేదో ఎవరూ చెప్పడం లేదు. నేను చేసింది మంచో చెడో కొన్ని రోజులు ఒకలా అనిపిస్తుంది, కొన్ని రోజులు ఇంకోలా. నిజానికి నేను చేసిందేమీ లేదు. నిద్రమాత్రలతో బయలుదేరినదాన్ని, తెలిసినదాన్ని అని ఎలా చెప్పుకోను? ముక్కూ మొహం తెలియని ఆవిడ అడిగిన ఒక్క మాట నేను రెండు నెలలుగా రోజూ ఫోన్లో అడుగుతూనే ఉన్నాను. వాడు బాగుందంటే సరే అని పెట్టేసేదాన్ని. ఆవిడా అలాగే వెళ్ళిపోయింది కదా. ఆ నాలుగడుగుల్లో వాడికి ఏం జరిగిందో వాడినే అడిగాను, తెలియదన్నాడు.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకి ఒక్క సలహా. వెళ్ళేటప్పుడు చౌక టికెట్ కొనండి, తప్పులేదు. తిరుగు టికెట్ మాత్రం ఏ రైలైనా ఎక్కగలిగేదే కొనండి. నాకు రైలు పోయింది, కొత్త టికెట్‌కి నూటముప్ఫై యూరోలు పోయాయి. అదే నయం. పోదాం పద, రైలుకి టైమైంది అని నేను లేచి ఉంటే, వాడు ఆ సోమవారం వెళ్ళి విమానం ఎక్కేవాడు.