వేడి కంజిలో కలిసిన మందు

ఆ రోజు పొద్దున ద్రాక్షపందిరి కింద ముదురాకులు తీస్తుంటే పొత్తికడుపులో ఉన్నట్టుండి మెలిపెట్టినట్టయింది. గంటలో మూడుసార్లు ఇంటికి పరుగెత్తాను. నాలుగోసారి ఇల్లు చేరలేకపోయాను. పాడైన చీరతో మోటారు షెడ్డు వెనక కూర్చుని, కూలీలు భోజనానికి వెళ్ళేదాకా లేవలేదు. అప్పటికి నా ఆపరేషన్ అయి ఏడాదిన్నర. ఇక ఆ కష్టం తీరిపోయిందనే అనుకుంటున్నాను.

మాది తమిళనాడులో తేని దగ్గరి చిన్నమనూరు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నా భర్త శీనివాసన్, మా అత్త రంగమ్మ, నేను కలిసి తోట చూసుకుంటాం. ఇరవై తొమ్మిదో ఏట నాకు అల్సరేటివ్ కోలైటిస్ వచ్చింది. పెద్దపేగు నిండా పుళ్ళు, వెళ్ళినప్పుడల్లా రక్తం. ఆరేళ్ళు మందులతో నెట్టుకొచ్చాక మదురైలో పెద్దపేగు తీసేశారు. చిన్నపేగు చివరను మడిచి సంచిలా కుట్టి కింద కలిపారు. దాన్ని పౌచ్ అంటారు. అది మానేదాకా మూడు నెలలు పొట్ట మీద మలం చేరే బ్యాగ్ పెట్టారు. బ్యాగ్ తీసేశాక రోజుకు ఆరుసార్లు వెళ్ళేదాన్ని. నొప్పి లేదు, రక్తం లేదు. నా మట్టుకు అదే ఆరోగ్యం.

మోటారు షెడ్డు సంగతి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు జ్వరం రావడంతో దాచలేకపోయాను. మదురైలో గొట్టంతో లోపలికి చూసే స్కోప్ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

"పౌచ్ వాచిందమ్మా. పౌచైటిస్ అంటాం. ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి వస్తుంది. మీరేమీ తప్పు చేయలేదు" అన్నారు డాక్టరమ్మ, తమిళంలో.

రెండు వారాలు యాంటీబయోటిక్ ఇచ్చారు. నాలుగో రోజుకే తేలికపడ్డాను. కోర్సు అయిపోయిన ఐదు వారాలకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ మాత్రలు, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. మదురై బస్సు తేనిలో, ఉసిలంపట్టిలో ఎంతసేపు ఆగుతుందో, మదురై మాట్టుతావణి బస్టాండులో దిగాక టాయిలెట్ ఎన్ని అడుగుల దూరమో నాకు కంఠతా వచ్చేసింది.

మూడోసారి ఆవిడను అడిగేశాను. "మళ్ళీ బ్యాగేనా?"

"కొద్దిమందికి ఆ అవసరం పడుతుంది. మనం ఇంకా అక్కడికి రాలేదు" అన్నారు. తరువాత ప్రోబయోటిక్ గురించి చెప్పారు. "యాంటీబయోటిక్ వాపును తగ్గిస్తుంది. తగ్గాక పౌచ్‌లో మంచి బ్యాక్టీరియాను నిలబెట్టాలని ప్రయత్నం. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. రుజువులు కూడా ఇంకా గట్టిగా లేవు. కొన్ని నెలలు చూద్దాం."

అది సాషేల్లో, అంటే చిన్న పొట్లాల్లో వచ్చే పొడి. ఫ్రిజ్‌లో పెట్టాలనీ, చల్లటిదాంట్లోనే కలుపుకోవాలనీ మందుల షాపతను నాతో చెప్పాడు. ఐసు పెట్టిన డబ్బాలో ఇంటికి తెచ్చాను.

"పెరుగు ఉండంగా ఈ పొడి ఏంటికి?" అంది అత్త. అలా అన్నదే కానీ మర్నాటి నుంచి ఆ పని తన మీదే వేసుకుంది. "దేంట్లో కలిపేది?" అని అడిగితే, తోటకు వెళ్ళే తొందరలో "దేంట్లోనైనా కలుపు అత్తా" అన్నాను. రోజూ తెల్లవారగానే నూకలతో కంజి కాచేది. మన జావ లాంటిదే. ఒక్క పూట తప్పకుండా పొడి కలిపి తోటలోకి తెచ్చి, నేను తాగేదాకా నిలబడేది.

ఏడో వారంలో మళ్ళీ మొదలైంది. ఈసారి నాకు ఏడుపు రాలేదు. పందిరికి తీగలు కడుతున్న నా భర్త దగ్గరికి వెళ్ళి, "బ్యాగైతే బ్యాగే మామా. అది ఉన్న మూడు నెలలూ ఇట్ల పరుగెత్తలేదు గదా" అన్నాను.

ఆయన చేతిలో ఉన్న తీగ కట్టడం పూర్తిచేసి, "నువ్వు ఎట్ల ఉన్నా సరే నాకు. డాక్టరమ్మ మాట ఒకతూరి విని తేల్చుకుందాం" అన్నాడు.

ఈసారి అత్త కూడా వస్తానని బయలుదేరింది.

"పొడి ఎలా తీసుకుంటున్నారు?" అని అడిగారు డాక్టరమ్మ.

"కంజిలో."

"కంజి ఎంత వేడిగా ఉంటుంది?"

నేను అత్త వైపు చూశాను. అత్త మా భాషలో నాతోనే అంది. "పొయ్యి మీంచి దించంగానే కలుపుతా ఉండా. సల్లకంజి నీ ఒంటికి పడదు గదా."

డాక్టరమ్మ కలం కింద పెట్టారు. "మాది కోయంబత్తూరు పెద్దమ్మా. ఇంట్లో మేమూ తెలుగే" అన్నారు తెలుగులో. "ఆ పొడిలో ఉండేవి ప్రాణమున్నవి. అంత వేడిలో వేస్తే చచ్చిపోతాయి."

అత్త నా వైపు తిరిగింది. "అట్లయితే నేనే చెరిపితినా?" అంది.

"లేదు అత్తా. ఆ మాట మందుల షాపులో నాకు చెప్పినారు. నేనే నీకు చెప్పలేదు" అన్నాను. నోరు తెరిచి చెప్పడానికి నాకు సిగ్గేసింది.

"వేడి వల్లే తిరగబెట్టిందని కూడా నేను చెప్పలేను" అన్నారు డాక్టరమ్మ. "సరిగ్గా వాడి చూస్తేనే తెలుస్తుంది. ముందు వాపు తగ్గిద్దాం."

తిరుగు బస్సులో ఉసిలంపట్టి దాటేదాకా అత్త కిటికీలోంచి బయటికే చూసింది. అప్పుడు నెమ్మదిగా అంది. "పాలు తోడేసేటప్పుడు ఆరనిచ్చి, వేలు పెట్టి చూసి గదా వేస్తాము. ఆ బుద్ధి దీనికి ఏంటికి రాలేదు నాకు?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మళ్ళీ యాంటీబయోటిక్ కోర్సు పూర్తిచేసి, పొడిని చల్లటి మజ్జిగలో మొదలుపెట్టాం. మూడు నెలలు గడిచాయి, ఆరు గడిచాయి. ఇప్పటికి రెండేళ్ళు. మధ్యలో ఒక్కసారి పౌచైటిస్ వచ్చింది, రెండు వారాల మాత్రలతో తగ్గింది. పొడి ఒక్కటే నన్ను నిలబెట్టిందని నేను ప్రమాణం చేయలేను. డాక్టరమ్మా చేయరు. ఒంట్లో నిరోధకశక్తి బాగా తక్కువున్నవాళ్ళకు ఇది ప్రమాదం కావచ్చట, అందుకని ఎవరికివారు కొనుక్కుని వాడవద్దన్నారు. రోజుకు ఐదారుసార్లు వెళ్ళడం నాకు అలవాటైపోయింది. కోతల కాలంలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పందిరి కింద నిలబడగలుగుతున్నాను. బ్యాగ్ అంటే మునుపటి భయమూ లేదు. ఎప్పుడైనా అవసరం వస్తే అది కూడా బతకడానికి ఒక దారే.

ఇలాంటి జబ్బుతో ఉన్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో మీకు వండి పెట్టేవాళ్ళను ఒకసారైనా డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళండి. వాళ్ళకు వచ్చే భాషలో, వాళ్ళు అడగాలనుకున్నది వాళ్ళనే అడగనివ్వండి.