బాలనర్సయ్య కొలిచిన ఇల్లు

"మన ఇంటిని ఆస్పత్రి అని రాసేశారు జాకబ్. రేపు కరెంటుకీ నీళ్ళకీ కూడా ఆస్పత్రి రేటే వేస్తారు. ఇక ఈ ఇంట్లో మనం ఉండగలమంటావా?"

తబిత ఆ మాట అనడం పొద్దుటి నుంచి అది మూడోసారి. ఆమె చేతిలో మున్సిపాలిటీ సర్కిల్ ఆఫీసు నుంచి వచ్చిన ఆస్తిపన్ను నోటీసు ఉంది. ఇంటి నంబరు సరిగ్గానే ఉంది, యజమానిగా భర్త జాకబ్ పేరూ సరిగ్గానే ఉంది. వినియోగం అన్న గడిలో మాత్రం 'కమర్షియల్ - నర్సింగ్ హోమ్' అని పడింది. పన్ను ఒక్కసారిగా నాలుగింతలైంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఇద్దరికీ తెలుసు. నాలుగు నెలల కిందట ఒక సినిమా యూనిట్ వాళ్ళ ఇంటిని రెండు రోజులు షూటింగుకు తీసుకుంది. గేటు మీద బంగారు రంగు అక్షరాలతో 'సంజీవని నర్సింగ్ హోమ్' అని బోర్డు పెట్టారు. షూటింగ్ అయ్యాక ప్రొడక్షన్ మేనేజర్ వెళ్తూ వెళ్తూ, "ప్యాచ్ వర్క్ ఉందండీ, మిగిలిన ముక్కలు తీసుకోవడానికి మళ్ళీ వస్తాం, బోర్డు కదిలించొద్దు" అన్నాడు. జాకబ్ డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. అదే పరిశ్రమలో తిరిగే మనిషి కాబట్టి కాదనలేకపోయాడు. ప్యాచ్ వర్కు రాలేదు, బోర్డు పోలేదు. ఈలోగా జ్వరాలతో ఇద్దరు, కాలు బెణికిన ముసలాయన ఒకరు గేటు తట్టి వెళ్ళారు. పన్నుల సర్వేకు వచ్చినవాళ్ళు కూడా ఆ బోర్డు చూసే రాసుకుని ఉంటారు.

"మా థియేటర్ ఓనర్‌కి అప్పీలు రాసిపెట్టినాయన ఒకరున్నారు. పిలుస్తాను" అన్నాడు జాకబ్.

మర్నాడు పొద్దున్నే రహమత్ నగర్ నుంచి పాత స్కూటర్ మీద బాలనర్సయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. చొక్కా జేబులో రెండు పెన్సిళ్ళు, నడుముకు స్టీలు టేపు. గేటు దగ్గర ఆగి బోర్డును ఎగాదిగా చూసి, నోరారా నవ్వి లోపలికొచ్చాడు.

"డాక్టరమ్మ ఉన్నదా?"

"నేను డాక్టర్‌ని కాదండీ, కెమిస్ట్రీ చదివాను" అంది తబిత కంగారుగా.

"నాకెరుకే బిడ్డా, నవ్వుతవని అన్న. గంత ఫికరెందుకు? ముందు జర చాయ్ పొయ్యి."

చాయ్ తాగుతూ ఆయన చెప్పిన సంగతులు విన్నాక తబితకు కాస్త ధైర్యం వచ్చింది. ఆయన ముప్ఫై ఏళ్ళు సినిమాల ఆర్ట్ డిపార్టుమెంటులో సెట్లు కట్టాడు. ఈ ఫిలింనగర్ కొండ రాళ్ళ మధ్యే ఎన్నో బంగళాలు, కోర్టులు, జైళ్ళు లేపి, నెల తిరక్కుండా పీకేశాడు. మోకాళ్ళు అరిగాక ఆ పని వదిలేశాడు. ఒకసారి చెల్లెలి ఇంటికి పన్ను రెట్టింపై వస్తే, టేపు పట్టుకెళ్ళి కొలిచి, కొలతలతో అర్జీ రాయించి తగ్గించాడు. అప్పట్నుంచి ఎవరికి నోటీసు వచ్చినా ఆయనకే ఫోను.

"ముందుగాల అప్పీలంటే దుకాణపోళ్ళదే" అన్నాడు. "వాళ్ళకు వకీళ్ళుంటరు. ఇండ్లోళ్ళేమో నోటీసు జూడంగనే బెదిరి కట్టేస్తుండ్రి. ఇప్పుడు ఉల్టా అయింది. పదిమంది నా తానకు వస్తే ఏడుగురు ఇండ్లోళ్ళే. జూబ్లీహిల్స్ షోరూమాయన రేటు ఎక్కువ పడ్డదని కొట్లాడతడు. ఇంటాయన కొలత ఎక్కువ రాసిన్రని కొట్లాడతడు. ఎవరి మాట నిజమో టేపు జెప్తది."

"మాది రేటూ కాదు, కొలతా కాదుగా బాబాయ్ గారూ. బోర్డు."

"అయినా కొలుస్తం. కొలవకుంట నేను కాయిదం రాయ."

కొలత మొదలైంది. టేపు ఒక కొస తబిత కూతురు, మూడేళ్ళ స్టెఫీ పట్టుకుంది. రెండో కొస బాలనర్సయ్య పట్టుకున్నాడు. అంకెలు తబిత రాసింది. కాలేజీ ల్యాబులో అలవాటు కొద్దీ ప్రతి గోడనూ మూడుసార్లు కొలిపించి సగటు తీస్తుంటే, ఆయన నడుము పట్టుకుని అన్నాడు, "గోడ పెరుగుతదా బిడ్డా మూడుసార్లు కొలుస్తే?"

"గోడ పెరగదు, మన చెయ్యి వణుకుతుంది" అంది తబిత.

ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. తర్వాత ప్రతి గోడ దగ్గరా తనే "ఒకటి, రెండు, మూడు" అని లెక్క పెట్టాడు. స్టెఫీ అందుకుంది. ఇల్లంతా టేపు చప్పుడూ అంకెల కేకలూ. రెండు రోజులుగా అన్నం సహించని తబిత ఆ హడావుడిలో తన దిగులే మర్చిపోయింది.

చివరికి స్టెఫీ గది దగ్గరికి వచ్చారు. తబిత చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. అది ఒకప్పుడు బాల్కనీ. పాప పుట్టాక గోడ లేపి, కిటికీ పెట్టి గది చేశారు. ఆఫీసు రికార్డులో లేదు.

బాలనర్సయ్య వెడల్పు చూశాడు, పొడవు చూశాడు. "ఆరు, పదకొండు. అరవై ఆరు అడుగులు. రాయి."

"ఇది వద్దు బాబాయ్ గారూ. తగ్గించమని అడగబోతూ పెంచుకుని చెప్పడమేంటి? కొత్తగా ఇంకో చిక్కు వస్తుంది."

"రాయకుంటే నేను పోత, టేపు నువ్వే పట్టుకో."

తబిత ముఖం చూసి ఆయన గది గడప మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద బంగళా సెట్‌లో ద్వారం తొమ్మిది అంగుళాలు తక్కువ కట్టాడట. ముందురోజు మధ్యాహ్నమే తెలిసింది. ఎవరు చూస్తారులే అని నోరు మూసుకున్నాడు. తెల్లారి కెమెరా ట్రాలీ ఆ ద్వారంలో పట్టలేదు. వందమంది సగం రోజు ఎండలో కూర్చుంటే గోడ కోశారు. ఆర్ట్ డైరెక్టర్ కోప్పడలేదు. నిన్ననే చెప్తే గంట పని గదా నర్సయ్యా, అన్నాడంతే. ఆ తర్వాత ఆరు నెలలు, నర్సయ్య సరిగ్గా కట్టిన గోడల్ని కూడా ఆ డైరెక్టర్ వేరేవాళ్ళతో కొలిపించుకున్నాడు.

"గదే కొట్టింది నన్ను" అన్నాడు బాలనర్సయ్య. "నీకు నష్టమయ్యే కొలత ముందుగాల నువ్వే రాయి బిడ్డా. అప్పుడు నీ మిగిలిన కొలతలు ఎవడూ తిరగ కొలవడు."

తబిత రాసింది. అర్జీలో మొదటి వాక్యమే అది: మా ఇంట్లో అరవై ఆరు చదరపు అడుగులు మీ లెక్కలో లేవు, చేర్చగలరు. రెండో వాక్యం: మా ఇల్లు ఆస్పత్రి కాదు.

బోర్డు పీకేస్తానని జాకబ్ అంటే బాలనర్సయ్య ఒప్పుకోలేదు. "తీస్తే దాచిపెట్టినట్టయితది. తనిఖీకి సార్ వచ్చేదాంక ఉండనీ."

తనిఖీ ఉందన్న రోజు తబిత పొద్దున్న అయిదింటికే లేచింది. ఇల్లు రెండుసార్లు ఊడ్చింది. పదకొండు గంటలకు పన్నుల అధికారి రఘునందన్ వచ్చాడు, మీసాలు నెరిసిన మనిషి. గేటు దగ్గరే ఆగాడు.

"ఇంత పెద్ద బోర్డు పెట్టుకుని ఇల్లంటారేంటమ్మా? పేషెంట్లు ఎక్కడ?"

"ఒకతి ఉంది సార్, మూడేళ్ళది. అన్నం తినదు" అన్నాడు బాలనర్సయ్య.

రఘునందన్‌కు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. "నువ్వా నర్సయ్యా. అయితే చెప్పు."

బాలనర్సయ్య బోర్డు దగ్గరికి వెళ్ళి, 'హోమ్'లోని 'హో' అక్షరం మీద చూపుడువేలు ఆనించి నొక్కాడు. వేలు సగం దాకా లోపలికి దిగింది. తెల్లటి థర్మాకోల్ పూసలు ఆయన చెప్పుల మీద రాలాయి. స్టెఫీ పరుగెత్తుకొచ్చి వాటిని ఏరుకోసాగింది.

రఘునందన్ ఈసారి నవ్వు ఆపుకోలేదు. "ఫిలింనగర్‌లో ఏ గోడ నిజమో ఏది కాదో మాకెట్లా తెలుస్తుందయ్యా" అంటూ లోపలికొచ్చి, అర్జీ తెరిచి, మొదటి వాక్యం దగ్గర ఆగాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు.

"మీరే పెంచి రాశారా?"

"అవునండీ" అంది తబిత. "పాప గది. మూడుసార్లు కొలిచాం."

ఆయన టేపు బయటికి తీశాడు. స్టెఫీ గది ఒక్కటే కొలిచాడు. ఆరు, పదకొండు. టేపు చుట్టి సంచిలో పెట్టేసుకున్నాడు. మిగిలిన గదుల్లోకి తొంగి చూశాడు, అంతే. వెళ్తూ అన్నాడు, "పన్నెండేళ్ళ సర్వీసులో నా లెక్కకు ఇంకొంత కలపండి అని అప్పీలు పెట్టినవాళ్ళు మీరొక్కరే."

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. వినియోగం: నివాసం. అరవై ఆరు అడుగులు అదనంగా చేరాయి, ఇంటి రేటుకే. తబిత ఆ కాగితం పట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తింది, జాకబ్ బస్సు దిగుతుంటే అక్కడే చూపించడానికి.

తర్వాత ఆదివారమే ప్యాచ్ వర్క్‌కు యూనిట్ వచ్చింది. 'హో'లో బొక్క చూసి ప్రొడక్షన్ మేనేజర్ తలపట్టుకున్నాడు. బాలనర్సయ్యే వచ్చి కొత్త థర్మాకోల్ కోసి, రంగు వేసి అతికించాడు. సాయంత్రం షాట్ ముగియగానే బోర్డు పీకి, తన స్కూటర్‌కు అడ్డంగా కట్టుకుని తీసుకెళ్ళాడు.

మొన్న స్టెఫీకి వాంతులైతే శ్రీనగర్ కాలనీలో పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. ఎప్పుడూ అయితే తబిత నోటుపుస్తకం తెరిచి ఎన్ని గంటలకు ఎంత జ్వరం, ఎన్ని చుక్కల మందు అని గడగడా చదివేది. తన పొరపాట్లు డాక్టర్ అడిగితే తప్ప బయటికి వచ్చేవి కావు. ఈసారి పుస్తకం సంచిలోంచి తీయలేదు.

"నిన్న సాయంత్రం మంచం మీంచి పడిందండీ" అంది కూర్చోకముందే. "నేను ఫోన్ చూసుకుంటున్నాను."