అరవై దాటని ముల్లు

మా మామ గద్వాలలో పత్తి విత్తనాల వ్యాపారి. కారులో ఆయన పక్కన కూర్చున్నప్పుడు మా అత్త రోడ్డు చూసేది కాదు, స్పీడు మీటరు ముల్లునే చూసేది. తన తమ్ముడు జీపు బోల్తాపడి చనిపోయినప్పటి నుంచి ఆమెకు వేగమంటే వణుకు. ముల్లు అరవైకి రాగానే మామ మోచెయ్యి పట్టుకునేది.

"అరవై దాటనియ్యకు. జర మెల్లగ పోనియ్."

మామకు ఆ పోరు విసుగు. విదేశం నుంచి వచ్చిన కారొకటి కొనగానే, హైదరాబాదులో ఒక మెకానిక్ చేత దాని మీటరును కిలోమీటర్ల నుంచి మైళ్లలోకి మార్పించాడు. మైళ్లలో అరవై అంటే దాదాపు వంద కిలోమీటర్ల వేగం. అత్తకు అంకెలు వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు.

"సూసినవా, అరవైలనే ఉన్న," అనేవాడు మామ. ఆమె మురిసిపోయేది.

ఈ సంగతి చాలా కాలానికి ఆ మెకానిక్ చెబితే నాకు తెలిసింది. అప్పటికి అత్త లేదు.

అత్త బతికున్న రోజుల్లోనే, ఆత్మకూరు దారిలో ఆ కారు గుద్ది ఒక గొర్ల కాపరి చనిపోయాడు. అత్త పోలీసులకు చెప్పిన సాక్ష్యంతోనే మామ బయటపడ్డాడు. తర్వాత ఒకరోజు కాపరి భార్య మామ ఇంటికొచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"కారు గాలి లెక్క వచ్చిందంట గదమ్మా, ఊరోళ్లు సూసిండ్రు," అని ఏడ్చింది.

ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని అత్త ఆమె మీద విరుచుకుపడింది.

"నేను పక్కనే కూసున్న. ముల్లు అరవై దాటలే. నీ మొగడే సూసుకోక అడ్డమొచ్చిండు. పో!"

లోపలి గదిలో మామ టీవీ సౌండు పెంచాడు.