గ్రిసెల్డా హోంవర్కు పుస్తకం

ఓక్‌విల్ గ్రంథాలయంలో శనివారాలు జరిగే ఇంగ్లీషు తరగతికి గ్రిసెల్డా మొదటిసారి వచ్చిననాడు ఆమె కుడిచేతికి ఐదు వేళ్ళూ ఉన్నాయి. ఈ వాస్తవాన్ని ముందుగా నమోదు చేయడం నా బాధ్యత.

ఆమెది హోండురాస్. అక్కడ పద్దెనిమిదేళ్ళు మునిసిపల్ కార్యాలయంలో జనన మరణాలను రిజిస్టరులో రాసింది. ఇక్కడ, కార్ల ఫ్యాక్టరీకి సీట్ల ఇనుప భాగాలు చేసి పంపే ఒక వర్క్‌షాపులో, ఇనుప రేకులను నొక్కి మలిచే ప్రెస్సు యంత్రం నడిపేది. నేను విశాఖపట్నంలో న్యాయశాస్త్రం చదివి, ఇక్కడి లైసెన్సు పరీక్షలు రాస్తూ, ఆ తరగతిని ఉచితంగా నడిపేదాన్ని.

మా ఇద్దరిదీ ఒకే జబ్బు. స్పానిష్ పుణ్యమా అని ఆమెకు ఇంగ్లీషులోని పెద్ద పెద్ద మాటలన్నీ దగ్గరి చుట్టాలు. నిప్పు ఆర్పడానికి ‘ఎక్స్‌టింగ్విష్’ అని తడుముకోకుండా అనేది. అదే అర్థమిచ్చే ‘పుట్ ఔట్’ అంటే మాత్రం బిక్కమొహం వేసేది. లా కాలేజీ నాకు నేర్పిన ఇంగ్లీషూ అలాంటిదే. ఈ దేశమేమో గెట్, టేక్, పుట్ వంటి చిన్న క్రియలకు అప్, ఆఫ్, ఔట్ అనే తోకలు తగిలించి రోజంతా గడిపేస్తుంది.

వర్క్‌షాపు సూపర్‌వైజర్ ఆ తోకల మాటలతోనే ఆజ్ఞలిచ్చేవాడు. ఆమె అర్థంకాక నిలబడితే, వరుసలో అందరూ వినేలా, పసిపిల్లకు చెప్పినట్టు ఒక్కొక్క మాటా సాగదీసి గట్టిగా మళ్ళీ చెప్పేవాడు. జనం నవ్వేవారు. అతని పేరు రంగనాథ్. మనవాడే, గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు. తెలుగు సంఘం పిక్నిక్కులలో నేను అతన్ని అంకుల్ అని పిలిచేదాన్ని.

పనిలో విన్న అలాంటి మాటలన్నీ రాసుకు రమ్మని గ్రిసెల్డాకు చెప్పాను. ఆమె మాటతో ఆగలేదు. తేదీ, సమయం, అన్నవారి పేరు, పూర్తి వాక్యం, అన్నీ రిజిస్టరులో ఎక్కించినట్టు ఎక్కించింది. పైగా ప్రతి పేజీ కింద సాక్షి సంతకం కావాలంది. హోంవర్కుకు సాక్షి దేనికని నేను విసుక్కున్నాను.

“సంతకం లేనిది జరగనట్టే,” అంది.

వాదించే ఓపిక లేక, తప్పులు దిద్ది, తేదీ వేసి సంతకం చేసేదాన్ని.

ఏప్రిల్‌లో ఆ ప్రెస్సు ఆమె కుడిచేతి వేళ్ళు రెండు తీసుకుంది. యంత్రం నోటికి అడ్డంగా ఉండవలసిన ఇనుప జాలీ, వాళ్ళు గార్డు అంటారు, ఆ వేళ అక్కడ లేదు. ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఉత్తరం వచ్చి ఉంది. గార్డును ఆమే స్వయంగా తొలగించిందని, భద్రతా నియమాన్ని ఉల్లంఘించినందుకు ఉద్యోగం తీసేశామని అందులో ఉంది. ఆధారం, రంగనాథ్ ఇచ్చిన వాంగ్మూలం.

“నాకు ఎవరి సానుభూతీ వద్దు,” అంది గ్రిసెల్డా, ఎడమచేత్తో ఉత్తరం మడుస్తూ. “అతని నోటితో అతనే చెప్పాలి. అందరూ వినాలి.”

న్యాయస్థానాలు పుట్టిందే ప్రతీకారాన్ని ఆపడానికని నేను పరీక్షలో నాలుగు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ ఉత్తరం చదివాక ఆ నాలుగు పేజీలూ నాకు రుచించలేదు.

పుస్తకం తెరిచాం. మార్చి పన్నెండు, ఉదయం తొమ్మిదిన్నర, రంగనాథ్: ‘ఆ గార్డు టేక్ ఆఫ్ చెయ్యి, పని వెనకబడుతోంది.’ మార్చి పద్దెనిమిది: ‘దాన్ని ఎవరు పుట్ బ్యాక్ చేశారు? మళ్ళీ తియ్యి.’ ఏప్రిల్ రెండు: ‘ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోయాడు, గార్డు లేకుండానే క్యారీ ఆన్.’ అలాంటివి మొత్తం పదకొండు. అన్నిటి కిందా ప్రమాదానికి ముందు తేదీలతో నా సంతకం.

అంటే అవన్నీ నేను చదివాను. చదివి, స్పెల్లింగులు దిద్దాను.

ఆమె కేసు నేనే నడిపించాలని, లైసెన్సు లేకపోయినా ఏదో దారి వెతకాలని ఆరాటపడ్డాను. గ్రిసెల్డా ఒప్పుకోలేదు. “నువ్వు సాక్షివి. ఈసారైనా సాక్షిగా ఉండు,” అంది.

తొలగింపు మీద కార్మిక ట్రిబ్యునల్‌లో ఆమె తానే కేసు వేసింది. నియమం ప్రకారం విచారణకు ముందే పుస్తకం ప్రతులను కంపెనీకి పంపించాం. ఆ ఆదివారం ఇండియన్ గ్రోసరీలో, చింతపండు అర దగ్గర, రంగనాథ్ నన్ను ఆపాడు.

“ఏమ్మా తేజా, హోంవర్కు పట్టుకెళ్ళి సాక్ష్యం అంటున్నారంట? మా లాయరు చూసి పక్కన పడేశాడు. లైసెన్సు రాకముందే మనవాళ్ళ మీద ప్రాక్టీసు మొదలెట్టావా?”

“అందులో నావి స్పెల్లింగులే అంకుల్. మాటలన్నీ మీవే.”

అతని నవ్వు సగంలో ఆగింది. “టార్గెట్లు పైనుంచి వస్తాయమ్మా. నేనేం చెయ్యను?”

“ఆ మాటే విచారణలో చెప్పండి,” అని చింతపండు తీసుకుని వచ్చేశాను.

వారం తిరక్కుండా కంపెనీ రాజీకి వచ్చింది. తొలగింపు రద్దు చేస్తాం, మంచి సర్టిఫికెట్ ఇస్తాం, విచారణ మాత్రం వద్దు. ఒప్పుకోవడమే క్షేమమని చెప్పడం నా ధర్మం కనుక చెప్పాను. ఆమె కాదని తల ఊపినప్పుడు నాకు కలిగిన సంతోషం మాత్రం ధర్మానికి సంబంధించినది కాదు.

జూన్‌లో విచారణ. నా సాక్ష్యం ముందే ముగియడంతో నన్ను గదిలో ఉండనిచ్చారు. గార్డు తీయమని తానెన్నడూ ఎవరికీ చెప్పలేదని రంగనాథ్ ప్రమాణపూర్వకంగా పలికాడు. గ్రిసెల్డా దుభాషిని వద్దని లేచి, పుస్తకాన్ని అతని ముందు పెట్టి చదవమంది. అది హోంవర్కు పుస్తకమని లాయరు అభ్యంతరం చెప్పాడు. విచారణాధికారి తేదీలు, సంతకాలు తిరగేసి, చదవవలసిందేనంది.

రంగనాథ్ తలవంచుకుని గబగబా గొణిగాడు.

“నెమ్మదిగా,” అంది గ్రిసెల్డా. “గట్టిగా. ఒక్కొక్క మాటా విడదీసి. నేను ఇంకా నేర్చుకుంటున్నాను.”

ఆమె వరుసలో పనిచేసినవారు నలుగురు వెనక కూర్చున్నారు. అతను మొదటినుంచి మళ్ళీ చదివాడు. పదకొండు వాక్యాలూ సాగదీసి, గట్టిగా. ఎవరూ నవ్వలేదు. అతని గొంతు ఎండిపోయినప్పుడు గ్రిసెల్డాయే మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపి, పూర్తయ్యేదాకా నిలబడే ఉంది. అవి మీ మాటలేనా అని అధికారి అడిగింది. పైనుంచి ఒత్తిడి ఉండేదని అతను మొదలుపెట్టాడు. అడిగినదానికి జవాబు చెప్పమంది అధికారి.

“నావే,” అన్నాడు.

బయట వరండాలో గ్రిసెల్డా బెంచీమీద కూర్చుని పుస్తకం తెరిచింది. తేదీ, సమయం, స్థలం వేసి, ఎడమచేతి వంకర అక్షరాలతో నెమ్మదిగా రాసింది: ‘ఓన్ అప్. తప్పు తానే ఒప్పుకొనుట. రంగనాథ్ ఓన్డ్ అప్.’

“అతని పేరు స్పెల్లింగు సరిగా ఉందా?” అని అడిగి, కలం నాకు అందించింది.

సరిగానే ఉంది. అయినా సంతకం చేసే ముందు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను.