హీరో గడ్డం దగ్గర తీసిన రీడింగ్

మీటర్ నర్సయ్య అంటే ఫిల్మ్‌నగర్‌లో పాతవాళ్లందరికీ తెలుసు. అసలు పేరు వెంకటనర్సయ్య, ఉండేది బోరబండలో. ముప్ఫై ఏళ్లుగా కెమెరా అసిస్టెంటు. చదివింది ఏడో తరగతి. వెలుగు కొలవడం ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఫిల్ము పాడైన ప్రతిసారీ తిట్లు తిని నేర్చుకున్నాడు.

ఆ మీటర్ అరచేతిలో ఇమిడే పెట్టె. పైన సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతిలాంటి తెల్లటి బుడిపె. మనిషి గడ్డం దగ్గర పెట్టి, బుడిపెను కెమెరా వైపు తిప్పి నొక్కితే, లెన్సు ఎంత తెరవాలో అంకె చూపిస్తుంది. మనిషి నలుపా తెలుపా అన్నది దానికి పట్టదు. ఆ చోట ఎంత వెలుగు పడుతోందన్నదే దానికి కావాలి. అందుకే మనిషి ఉన్న చోటికే వెళ్లి కొలవాలి. నాలుగడుగులు ఇవతల కొలిస్తే అది ఇంకొకరి వెలుగు. లైట్ల పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు ఈ మాట మాకు చెప్పింది నర్సయ్యే.

నీలమ్మ ఆయన భార్యకు అక్క. ఇరవై రెండేళ్లుగా జూనియర్ ఆర్టిస్టు. పెళ్లి సీనులో, జాతర సీనులో, ఆసుపత్రి వరండాలో నిలబడడమే తప్ప నోరు విప్పే వేషం ఒక్కటీ రాలేదు. పోయినేడు వచ్చింది. జూబ్లీహిల్స్‌లో ఖాళీ స్థలంలో వేసిన బస్టాండు సెట్టులో, హీరో అడిగితే “ఆ బస్సు నిన్ననే పోయింది బిడ్డా” అనాలి. తెర నిండా ఆమె మొహమే ఉండే షాటు. అది బాగా వస్తే ఇక మాటలున్న వేషాలే ఇప్పిస్తానని ఏజెంటు రామకృష్ణ చెప్పాడు. ఆ ఒక్క వాక్యాన్ని వారం రోజులు అన్నం వార్చుతూ కూడా చెప్పుకుందట.

ఆ రోజు హీరో ఆరుబయట నిలబడ్డాడు. నీలమ్మ రేకుల షెడ్డు కింద బెంచీ మీద ఉంది. హీరో తన వంతు ముగించుకుని మధ్యాహ్నానికి వెళ్లిపోయాడు. మా దగ్గర ఒక అలవాటుంది. హీరో గడ్డం దగ్గర రీడింగ్ తీశాక మిగతావాళ్లంతా ఆ అంకెలోనే సర్దుకుంటారు. జూనియర్ ఆర్టిస్టు దాకా మీటర్ నడవదు. అయినా నర్సయ్య మీటర్ తీసి బెంచీ వైపు కదిలాడు. అసిస్టెంట్ డైరెక్టర్ సాయిశ్రీనివాస్ చూడనే చూశాడు.

“ఏంటి నర్సయ్యగారూ, వదినగారికి స్పెషల్ రీడింగా? క్యారవాన్ కూడా తెప్పించమంటారా?”

అందరం నవ్వాం. నర్సయ్య కూడా నవ్వేసి మీటర్‌ని జేబులో పెట్టుకున్నాడు. కెమెరామన్ వరప్రసాద్ లెన్సు మీద చెయ్యి వేసి, ఆవిడ దగ్గర చూశావా అని అడిగారు.

“చూసిన సార్. గదే, ఫైవ్ సిక్స్.”

చూడలేదు. అది హీరో దగ్గర వచ్చిన అంకె. రేకుల కింద వెలుగు బయటి దాంట్లో నాలుగో వంతు. ఒక థర్మకోల్ షీటుతో కాస్త వెలుగు అటు మళ్లిస్తే రెండు నిమిషాల్లో సరిపోయేది. మానిటర్ మీద ఎండ పడడంతో ఎవరికీ తేడా తెలియలేదు. నీలమ్మ మొదటి టేకులోనే తడబడకుండా చెప్పింది. డైరెక్టర్ బాగుందన్నారు.

తర్వాత రంగులు సరిచేసేచోట ఆ మొహంలో వెలుగు పెంచబోతే, చెంపల మీద ఇసుక చల్లినట్టు చుక్కలు లేచాయి. ఎడిటర్ ఆ షాటు తీసేసి, అక్కడ హీరో వింటున్న మొహం పెట్టాడు. మాట మాత్రం వినిపిస్తుంది. అదీ ఇంకెవరో డబ్బింగ్ చెప్పిన గొంతు.

సినిమా వచ్చిన వారం ఇంటిల్లిపాదీ చూడ్డానికి వెళ్లారు. ఆ చోటు రాగానే నీలమ్మ ముందుకు వంగింది. మాట వినిపించింది, మనిషి రాలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నీలమ్మ, “నల్లగున్న గదా, పెద్దగ చూపిస్తే బాగుండదని తీసేసిండ్రు” అంది. నర్సయ్య పక్కనే కూర్చున్నాడు. ఇల్లు వచ్చేదాకా మాట్లాడలేదు.

మర్నాటి నుంచి నీలమ్మ తనంతట తానే వెనక వరుసలో నిలబడడం మొదలుపెట్టింది. రామకృష్ణ రెండుసార్లు ముందుకు పిలిచాడు. మూడోసారి పిలవలేదు. మాటలున్న ముసలి వేషాలకు టోలిచౌకి నుంచి ఇంకొకామెను తీసుకొస్తున్నాడు.

సినిమా వచ్చిన పదకొండు నెలలకు నర్సయ్య ధైర్యం చేసి వదిన ఇంటికి వెళ్లాడు. తప్పు తనదేనని, నవ్వుతారని భయపడి కొలవకుండానే అబద్ధం చెప్పానని, రంగుకూ దానికీ సంబంధం లేదని చెప్పాడు. నీలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. అంతా విన్నది.

“గీ మాట ఆ దినం ఆటోల్నే జెప్తే అయిపోతుండె గద, మరిదీ.”

ఎసరు మరుగుతోందని లేచి లోపలికి వెళ్లింది. నర్సయ్య చెప్పులు వేసుకుని వచ్చేశాడు.