బోడి మేకతో తిరువళ్లూరుకు

మా అక్క మునెమ్మ దగ్గర పుట్టిన బోడి మేకలు కొన్ని ఎన్నాళ్ళయినా ఎదకు రాకపోవడంతో ఈ ప్రయాణం మొదలైంది. ఎనభైల మొదట్లో మాట. మాది తిరుత్తణి దగ్గరి పొదటూరుపేట. బావ పోయాక అక్కకు మేకలే ఆధారం. కొమ్ముల మేక ఒకటి పక్కింటి పిల్ల కంటి కింద పొడిచినప్పటి నుంచి ఆమెకు కొమ్ములంటే భయం పట్టుకుంది. కొమ్ములు లేని తెల్ల సీమపోతును తెచ్చి, దానికి పుట్టిన బోడి పిల్లలనే ఉంచుకొని, అవి పెద్దయ్యాక మళ్ళీ బోడిపోతుకే కట్టించింది. కొమ్ములున్న పిల్లలను సంతకు తోలేసింది.

అలా రెండో తరంలో పుట్టిన రెండు ఆడ మేకపిల్లలను రెండిళ్ళకు వారానికి ఇచ్చింది. మా వైపు వారమంటే మేక ఇచ్చినవాళ్ళదే, మేపినవాళ్ళకు దాని పిల్లల్లో సగం. పిల్లలే పుట్టకపోతే వాళ్ళ చాకిరీ అంతా వృథా. గొడ్డువని తెలిసే మునెమ్మ అంటగట్టిందని ఆ ఇళ్ళవాళ్ళు బావి దగ్గర అన్నారు. అక్క నాతో మాత్రం, "ఎందుకిట్లయిందో తెలిస్తేనే వాళ్ళ మొగం చూడగలనురా" అంది.

ఇంట్లో మిగిలిన గొడ్డుమేక రక్తాన్ని తిరువళ్లూరు పశువుల డాక్టరు తీసి మద్రాసుకు పంపించారు. ఫలితం వచ్చింది, మేకను మళ్ళీ తీసుకురమ్మన్నారని కబురు అందింది. తెల్లవారకముందే తిరుత్తణి బస్సెక్కాం. మబ్బు కమ్మి ఉంది, వాన మాత్రం లేదు. తిరుత్తణిలో బస్సు మారాలి. అక్కడి నుంచి తిరువళ్లూరుకు గంటన్నర పైనే పట్టేది. అరక్కోణం మీదుగా రైలు ఉన్నా, మేకతో రెండు రైళ్ళు మారడం మాకు అయ్యే పని కాదు.

తిరుత్తణిలో కండక్టరు మేకను చూసి మెట్టు మీదే నిలబడ్డాడు.

"ఏం పెద్దమ్మా, దీనికి కిటికీ పక్కన సీటు కావాల్నా?"

"కాళ్ళకాడ పడుంటాదిలే నాయనా. కొమ్ములు కూడా లేవు, ఎవురినీ పొడవదు."

"కొమ్ముల్లేనోళ్ళే పొడిచేది. సరి, లగేజి టిక్కెట్టు తీసుకోండి, వెనక్కి పోండి."

లగేజి టిక్కెట్టు మనిషి టిక్కెట్టులో సగం పడింది. అక్క గుడి ఉన్న కొండ వైపు తిరిగి దండం పెట్టింది.

ఆసుపత్రిలో కరెంటు లేదు. డాక్టరు మేకను వసారాలోకి తెప్పించి, తోక ఎత్తి చూసి, చేతులు కడుక్కొని వచ్చారు. ఆయన మాట్లాడింది తమిళంలో. ఒక్కో మేక పేరు చెప్పించి, తల్లికి కొమ్ములున్నాయా, తండ్రికి ఉన్నాయా, ఈనిందా అని అడిగారు. అక్క ఎక్కడా తడుముకోకుండా చెప్పుకుపోయింది. ఆయన కాగితం మీద గీతలు గీస్తూ పోయి, చివరికి కలం పెట్టేశారు.

"రక్తంలో చూస్తే ఇది ఆడదే. ఆడ, మగ నిర్ణయించే క్రోమోజోముల్లో తప్పు లేదు. కానీ లోపల గర్భసంచి సరిగా ఏర్పడలేదు. కొమ్ములు రాకుండా చేసే గుణాన్ని అంటిపెట్టుకొని ఈ లోపం కూడా వస్తుంది. ఒక వైపు నుంచే వస్తే బయటపడదు. తల్లీ తండ్రీ రెండూ బోడివైతే, పుట్టే ఆడవాటిలో కొన్ని ఇలా అవుతాయి. మీరు చెప్పిన గొడ్డు మేకల్లో కొమ్ములున్నది ఒక్కటీ లేదు, చూశారా?"

"అయితే కొమ్ములున్నవాటిని అమ్మింది నేనే గదయ్యా," అంది అక్క.

"మీకు తెలిసి చేసింది కాదమ్మా. ఇకమీదట కొమ్ముల పోతునే కట్టించండి."

"ఇప్పుడుండేవాటికి మందేమైనా..."

ఆయన తల అడ్డంగా ఊపారు.

తిరుగు దారిలో తిరుత్తణి బస్టాండులో చాలాసేపు కూర్చున్నాం. నేను తెచ్చిన ఇడ్లీలు అక్క ముట్టలేదు. ఇంటి దగ్గర పాత కొమ్ముల మేకలు రెండు మిగిలి ఉన్నాయి, రెండూ కడుపుతో ఉన్న సూడివి.

"అవి వాళ్ళిద్దరికీ ఇచ్చేస్తా. వారానికి కాదు, వాళ్ళకే."

"మరి నీకు?"

"బోడివి ఉండాయి గదరా. కొమ్ముల పోతు యాడన్నా దొరక్కపోదు."

మరునాడు నేనూ వెంట వెళ్ళాను. మొదటి ఇంట్లో మేకను కట్టేసుకున్నారు. రెండో ఇంటావిడ తాడు అందుకొని, "తెలిసే ఇచ్చినావన్నమాట. లేకుంటే సూడిమేకను ఊరికే యాల ఇస్తావు?" అంది. డాక్టరు మాటలు నేను చెప్పబోయాను. అక్క నా చెయ్యి పట్టుకొని ఆపి, "ఇప్పుడేం చెప్పినా సాకనే అంటార్రా" అని ఇంటి దారి పట్టింది.

కారణం తెలుసుకోవడానికి అంత దూరం వెళ్ళి వచ్చాం, తెలుసుకున్నాం కూడా. కానీ అది ఊళ్ళో ఎవరికీ అక్కరలేకపోయింది. ఆ తరువాత అక్క మందలో గొడ్డుమేక పుట్టలేదు. ఆమె చేతి మేకను వారానికి తీసుకున్నవాళ్ళు కూడా లేరు. ఇలాంటి పని మీద వెళ్ళేవారికి చెప్పదగింది ఒకటే: మేకతో పాటు, అది ఏ తల్లికి, ఏ పోతుకు పుట్టిందో చెప్పగలిగే మనిషిని కూడా తీసుకువెళ్ళండి. వీలైతే, వారానికి తీసుకున్నవాళ్ళను కూడా అదే బస్సు ఎక్కించండి.