ఏ చేత్తో కొలిచారు?

నలభై రెండు. చీటీ మీద ఆ అంకె చూడగానే అది తప్పని నాకు తెలిసింది.

వాలీబాల్ హాస్టల్ ఎంపికకు మా బడి నుంచి ఒక్క అమ్మాయినే చిత్తూరు తీసుకెళ్లాను. నిలబడ్డచోటి నుంచి నలభై అయిదు సెంటీమీటర్లు పైకి ఎగిరితేనే సీటు. వచ్చే ఏటికి ఆమె వయసు దాటిపోతుంది. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పదకొండు నెలలపాటు ప్రతి శనివారం బడి గోడ దగ్గర ఆమె ఎగిరిన ఎత్తు కొలిచి, తేదీ వేసి రాసుకున్నాను. చివరి ఆరు శనివారాలలో ఒక్కసారీ నలభై ఏడుకు తగ్గలేదు.

ఆ ఉదయం పిల్లలను ఎలక్ట్రానిక్ మ్యాట్ మీద ఎగిరించారు. గాలిలో ఎంతసేపు ఉన్నారో చూసి అది ఎత్తు లెక్కగడుతుంది. దానికి చేతులతో పనిలేదు. పదకొండింటికి దాని చార్జింగ్ అయిపోయింది. మా పిల్లతో సహా మిగిలినవాళ్లను గోడ దగ్గరికి పంపారు. ఎగిరి అందుకున్న ఎత్తులోంచి నిలబడి అందుకున్న ఎత్తు తీసివేయడం అక్కడి పద్ధతి. జాబితా మాత్రం ఒక్కటే. రెండూ ఒకటెలా అవుతాయని అడిగితే, రాసుకుంటున్న అధికారి తలెత్తకుండానే అన్నాడు:

"సెంటీమీటరంటే సెంటీమీటరే గదప్పా!"

వెంట వచ్చిన ఉపాధ్యాయులను అడ్డంగా కట్టిన తాడు అవతలే నిలబెట్టారు. చివరికి చీటీ ఇచ్చారు: 245లోంచి 203 పోగా 42.

మా పిల్ల కుడిచేత్తో నిలబడి అందుకునేది 198. చిన్నప్పుడు మోచెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టించారు. ఎముక అతికింది గానీ చెయ్యి పూర్తిగా సాగదు. 203 ఎడమచేతిది.

"ఏ చెయ్యి ఎత్తినావు మ్మే?"

"కుడిచేతికి సుద్ద పూసినారు సార్. గోడంతా మరకవుతాది, ముందు ఎడంచెయ్యి ఎత్తమన్యారు, ఎత్తినాను. ఎగిరినప్పుడు కుడిచేత్తోనే కొట్టినాను."

గోడకు మరక పడకూడదట! కుడిచేతి 198 తీసి ఉంటే 47 వచ్చేది.

ఆమెను వెంటబెట్టుకుని అధికారి దగ్గరికి వెళ్లాను.

"యాడన్నా చేతులు చిన్నాపెద్దా ఉంటాయా సార్?" అని నవ్వాడు.

ఆమె గోడకు ఆనుకుని రెండు చేతులూ ఎత్తింది. అయిదు సెంటీమీటర్ల తేడా. అతను ఒకసారి చూసి, కాగితాల వైపు తిరిగాడు.

"సంతకాలైపోయినాయి సార్."

"మ్యాట్‌కు చార్జింగ్ ఎక్కింది గదా. దానిమీదన్నా ఒకసారి ఎగిరించండి."

"గోడకాడ ఎగిరిన పిల్లను మ్యాట్ మీద ఎట్ల ఎగిరించేది? రెండు కొలతలు కలపకూడదు సార్."

పొద్దున సెంటీమీటరంటే సెంటీమీటరే అన్న నోరే అది.

తిరుపతి బస్సులో నా పుస్తకం తెరిచాను. తేదీ ఉంది, ఎత్తు ఉంది. ఏ చెయ్యన్నది ఒక్క పేజీలోనూ లేదు. నాకు తెలుసు కదా అని రాయలేదు. రెండు కొలతలూ ఒకే చేత్తో ఉండాలని, ఎవరేమన్నా ఒప్పుకోవద్దని ఆమెకైనా చెప్పలేదు.

"ఎడంచెయ్యి గూడా విరగ్గొట్టుకుని పుత్తూరులో కట్టించుకుంటే పోతాది గదా సార్? రెండూ సమమైపోతాయి," అంది ఆమె.

నోరు ముయ్యమన్నాను. తిట్టవలసింది ఆమెను కాదని తెలిసే అన్నాను.